రిటైరైన జాబరు సేవ ఎవరికి?



యాభై ఎనిమిదేళ్లు నిండగానే మన జాబరుకు దండ వేసి, శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి పంపిస్తారు. నెల తిరక్కుండానే శేఠ్ దగ్గర్నుంచి కబురు. "మామా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? రోజూ రెండు గంటలు వచ్చి పిల్లలకు పని నేర్పు. ఇది కూడా సేవే కదా!" మన షోలాపూర్ కార్ఖానాల్లో ఈ తియ్యటి మాట విననివాడు ఉండడు.

సేవ అట! లాభం కోసం నడిచే చోట జీతం లేకుండా చేయించుకునే పనికి మన ఊళ్లలో మరో పేరుంది. వెట్టి. దాన్ని తప్పించుకోవడానికే మన తాతలు కొందరు ఈ ఊరు చేరారు. ఆ రెండు గంటలు ముసలాయన ఉచితంగా లూములు సరిచేస్తే, శేఠ్ పెట్టుకోవలసిన ఒక కుర్ర జాబరు ఇంటి దగ్గరే ఉండిపోతాడు. ఇంతకీ ఈ దానం అడుగుతున్నది ఎవరిని? ఇ.పి.ఎస్. పింఛను కనీసం 1000 రూపాయలుండాలని 2014లో ప్రభుత్వం నిర్ణయిస్తే, దాన్నే మహాభాగ్యంగా తీసుకుంటున్న మనిషిని! ఇల్లు గడవక మళ్లీ లూముల మధ్యకు పోయేవారిని నేను తప్పు పట్టను. పొండి, కాని కూలి మాట్లాడుకుని పొండి.

మన పెద్దలనూ ఒక మాట అనక తప్పదు. "నా పని అయిపోయింది" అంటూ గుడి అరుగు మీద పొద్దుపుచ్చేవారు చాలామంది. తమ చేతిలో ఎంత విద్య ఉందో వారికే పట్టదు.

ఒక్క లెక్క చూడండి. సాదా బట్ట, అంగుళానికి 40 పిక్కులు, కూలి మీటరుకింత అని ఒప్పందం. ఒక రాత్రి చేంజ్ వీలు మార్చి 44 పిక్కులు చేశారనుకోండి. మీటరుకు 1575 పిక్కులు పడేచోట 1732 పడతాయి. నిమిషానికి 120 పిక్కులు కొట్టే లూము మీద మీటరు దిగడానికి 13 నిమిషాలు పట్టేది 14 దాటుతుంది. కూలి రేటు మాత్రం అదే! ఈ మధ్యనే చేరిన కుర్రవాడు "ఏమో, ఈ నెల బట్ట తక్కువ దిగింది" అని తననే తిట్టుకుంటాడు. ముప్పై ఏళ్లు వీళ్లు మార్చిన జాబరైతే భూతద్దం పెట్టి అంగుళం లెక్కబెట్టి రెండు నిమిషాల్లో దొంగతనం పట్టేస్తాడు. ఇన్నాళ్లూ ఆ వీలును శేఠ్ చెప్పినట్టు తిప్పిన చెయ్యి కూడా అదే అనుకోండి. ఆ రుణం తీర్చుకునే అవకాశం ఇప్పుడొచ్చింది.

టైం ఆఫీసులో, జీతాల పట్టీల దగ్గర పనిచేసి వచ్చినవారి విద్య ఇంకా విలువైనది. గ్రాట్యుటీ లెక్కకు చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15 రోజులకు కట్టి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. జీతం 13,000, సర్వీసు 30 ఏళ్లయితే 2,25,000 రావాలి. 26 బదులు 30తో భాగిస్తే 1,95,000 అవుతుంది. ఒక్క అంకెతో ముప్పై వేలు మాయం! మీటరు కూలివాళ్లకైతే చివరి మూడు నెలల సగటు చూడాలి. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కించాలి. ఇవి తెలియక అంగూఠా వేసి, ఇచ్చింది కళ్లకద్దుకుని పోయిన మనవాళ్లు ఎందరో. అందులో మా పెదనాన్న ఒకడు.

వకీలు దగ్గరకు పోయే స్తోమత లేనివాడికి కూర్చుని లెక్క కట్టిపెట్టడం, పి.ఎఫ్. కాగితంలో తప్పుపడిన తండ్రి పేరు దిద్దించడం, పింఛను దరఖాస్తు నింపడం. సేవంటే ఇది. దీనికి యూనియన్ జీతం ఇవ్వలేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఆటో ఖర్చు, చాయ్ మావి.

ఆదివారం సాయంత్రం ఆఫీసు తెరిచే ఉంటుంది. భూతద్దం ఉన్నవారు వెంట తెచ్చుకోండి. ఆఫీసులో ఉన్న ఒక్కటీ పగిలిపోయింది.

- కార్యదర్శి