బండి మనది, తాళం ఎవరిది?

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్నది సామెత. మా గోదావరి జిల్లాలలో డీజిల్ పికప్ వ్యాన్లను నమ్ముకొని బ్రతికేవారు ఈ సామెతను తలక్రిందులు చేశారు. వారికిప్పుడు పాతదే వింత, కొత్తదే రోత. రావులపాలెం అరటి మార్కెట్టు వద్ద గానీ, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వద్ద గానీ, కడియపులంక నర్సరీల వద్ద గానీ తరచుగా వినవచ్చే హితోపదేశం ఇది: "కంప్యూటరు బండి కొనకండి మాస్టారూ, పాత పంపు బండి వెతుక్కోండి." ఈ మాటలో సగం సత్యం ఉన్నది. మిగిలిన సగం మన కష్టార్జితానికీ, మన పిల్లల ఊపిరితిత్తులకూ చేటు తెచ్చేది. ఆ రెండు సగాలనూ విడదీసి చూపడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా సత్యమైన సగాన్ని చూద్దాం. పాత ఇంజనులో డీజిలును కొలిచి, అదను చూసి సిలిండరులోనికి పంపేది ఒక ఇనుప పంపు. దానిని త్రిప్పేవి ఇంజను చక్రాలే. వేగం మితిమీరితే గవర్నరు బరువులు విచ్చుకొని ఇంధనాన్ని తగ్గిస్తాయి. పీడనానికి నాజిలులోని స్ప్రింగు లొంగినప్పుడు డీజిలు తుంపరలై చిమ్ముతుంది. బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే చాలు, బండి కదులుతుంది. 1951లో వెలసిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరు మీదుగా దీనిని జనం 'మైకో పంపు' అన్నారు. 2008లో ఆ కంపెనీ 'బాష్'గా పేరు మార్చుకొన్నా జనం నోట మైకో పోలేదు. బాలవ్యాకరణంలో సూత్రమూ, దాని వెంట వృత్తీ, ఆపై ఉదాహరణమూ ఉన్నట్లు, ఆ పంపులో కారణమూ కార్యమూ వరుసగా కంటికి కనబడతాయి. ఓపికతో విప్పి చూసినవానికి అందులో దాపరికం లేదు. మా ప్రాంతపు మేస్త్రీలు ఏ పట్టాలూ లేకుండానే అందులో పండితులైనారంటే కారణం అదే.

కొత్త ఇంజను పద్ధతి వేరు. అందులో ఒక పంపు డీజిలును అత్యధిక పీడనంతో ఒకే గొట్టంలోనికి ఎక్కిస్తుంది. ఆ పీడనం వాతావరణ పీడనానికి పదహారు వందల రెట్లు, ఒక్కొక్కచోట అంతకు మించీ ఉంటుంది. దీనినే కామన్ రైలు అంటారు. ఇంజను ఏ స్థితిలో ఉన్నదో, గాలి ఎంత వచ్చిందో, వేడి ఎంతో సెన్సారులు చెబుతాయి. ఏ ఇంజెక్టరు ఎప్పుడు, ఎంతసేపు తెరచుకోవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో ఈ పద్ధతి వచ్చింది. 2011లో అశోక్ లేలాండ్ 'దోస్త్'తో మన చిన్న వ్యాన్లలోనూ కనబడింది. శబ్దం తగ్గింది, పొగ తగ్గింది, లాగే శక్తి పెరిగింది. ఇది కాదనడం మూర్ఖత్వం.

ఇక అసత్యమైన సగం. "పాత బండి పొగ కాస్త ఎక్కువ, అంతేగా" అని తేలికగా అనేవారున్నారు. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించి, దానిని మొదటి వర్గంలో చేర్చింది. బి.ఎస్.3 నాటి డీజిలులో పదిలక్షల పాళ్ళకు 350 పాళ్ళ వరకు గంధకం ఉండవచ్చు. బి.ఎస్.4లో అది 50కి, బి.ఎస్.6లో 10కి దిగింది. ఇంధనాన్ని ఇంతగా శుద్ధిచేసి, దానిని అరిగిన నాజిలుతో సగం కాల్చి బడిపిల్లల ముఖాన వదలడం ఏమి న్యాయం? పాత పంపు లాభం బండివానిది, పొగ మాత్రం ఊరందరిది.

మరొక్క మాట. సుప్రీంకోర్టు ఆజ్ఞతో 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.3 బండ్ల అమ్మకం ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుండి కొత్తవన్నీ బి.ఎస్.6 కావలసినవే. కనుక నేడు 'పాత పంపు బండి' అంటే ఎవరో ఏళ్ళ తరబడి వాడి వదిలినదని అర్థం. కోనసీమ ఉప్పుగాలికి ఛాసిస్ ఎంత తిన్నదో పైరంగు చెప్పదు. చీటీ పాడి తెచ్చిన సొమ్ము అందులో పోసి, ఆపైన ప్రతి ఫిట్‌నెస్ పరీక్షకూ దేవుణ్ణి తలచుకోవడం పొదుపు కాదు.

అయితే కొత్త బండివారి భయం ఉత్త భ్రమా? కాదు. మన నేలకు తగిన కారణాలు దానికున్నవి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో లంక గ్రామాలు మునిగాయి. అటువంటి నీట నానిన వైరు కనెక్టరు పచ్చబడితే ఇంజను నిక్షేపంగా ఉండి కూడ పలకదు. డీజిలులో నీరు కలిస్తే పాత పంపు దగ్గి ఊరుకోవచ్చు గానీ, అతిసూక్ష్మమైన సందులతో చేసిన కొత్త ఇంజెక్టరు మాత్రం ప్రాణం విడుస్తుంది. బి.ఎస్.6 డీజిలు బండ్లలో చాలావాటికి మసిని పట్టే వడపోత ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. కాలువగట్ల మీద, పది నిమిషాలకొకసారి ఆగుతూ నడిచే బండికి ఆ యోగం ఎక్కడిది?

ఇవన్నీ ఒప్పుకొంటూనే చెబుతున్నాను, అసలు దోషి కంప్యూటరు కాదు, దానికి వేసిన తాళం. కొత్త బండ్లలో పదహారు కాళ్ళ సాకెట్టు ఒకటి ఉంటుంది. సామాన్యమైన లోపాల సంకేతాలను చవక పరికరంతోనైనా చదవవచ్చు. కాని కొత్త ఇంజెక్టరును కంప్యూటరుకు పరిచయం చేయడానికీ, వడపోతలోని మసిని షెడ్డులోనే కాల్చడానికీ చాలా బండ్లకు కంపెనీ పరికరమో, దానికి సాటివచ్చే ఖరీదైన మరొకటో కావాలి. అర్ధరాత్రి జాతీయ రహదారి మీద భీమవరం రొయ్యలతో బండి ఆగితే మంచుగడ్డ కరుగుతుంది గానీ కంపెనీ షెడ్డు తెల్లవారేదాకా తెరవరు.

మిత్రులారా, మనకిది తెలియని బాధ కాదు. ఒకప్పుడు తెలుగు పత్రికలు జాలంలో ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఖతితో వెలువడేవి. ఆ ఖతి దించుకోనివానికి తెలుగు అక్షరం పిచ్చిగీతలై కనబడేది. అప్పుడు "కంప్యూటరు వద్దు, ఘంటం పట్టుకొందాం" అని మనమెవరమూ అనలేదు. అందరికీ ఒకే సంకేతం కావాలన్నాము. యూనికోడు వచ్చి తాళాలు ఊడగొట్టింది. వ్యాను యజమాని అడుగవలసిందీ అటువంటిదే.

అడగడానికి ఆధారాలు లేకపోలేదు. విడిభాగాలనూ, పరీక్షా పరికరాలనూ బయటి మేస్త్రీలకు అందనీయడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో పద్నాలుగు కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అది అప్పీళ్ళ దారి పట్టింది. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ ప్రజలు ఓటు వేసి మరీ ఈ హక్కును చట్టం చేసుకొన్నారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో 'రిపేరు హక్కు' పోర్టలు తెరిచి, వాహనాలను కూడ అందులో చేర్చింది. మంచిదే. కాని పోర్టలు చట్టం కాదు. ఇల్లు అలకగానే పండుగ కాదు.

"తాళం తీస్తే మేస్త్రీలు కాలుష్య నియంత్రణను చెడగొడతారు" అని కంపెనీల వాదం. వడపోతలు పీకి, ఇ.జి.ఆర్. మూసి డబ్బు చేసుకొనేవారు మన ఊళ్ళలో ఉన్నారు, వారిని నేను సమర్థించను. కాని 2015లో బయటపడిన వోక్స్‌వ్యాగన్ కథ మరచిపోయారా? పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచేటట్లు సుమారు కోటీ పదిలక్షల బండ్ల కంప్యూటర్లలో మాయ చేసినది వీధి మేస్త్రీ కాదు, కంపెనీయే. ఆ మాయ ఏళ్ళ తరబడి దాగినది మూసిన తాళం వెనుకనే.

"మన మేస్త్రీలకు కంప్యూటరు ఎక్కడ వస్తుంది?" అనేవారిది మరొక రకం అహంకారం. మైకో పంపును గురువు లేకుండా నేర్చినవాడు లాప్‌టాప్ నేర్వలేడా? ఐ.టి.ఐ.లలో పాఠం చెప్పండి, మాన్యువలును తెలుగులో అచ్చువేయండి, తరువాత మాట్లాడండి.

కనుక బండి కొనదలచినవారికి ఈ మాస్టారి మాట: ఇప్పటికే చేతిలో చక్కని పాత బండి ఉంటే నాజిళ్ళు, పంపు సకాలంలో కాలిబ్రేషన్ చేయించి, పొగ రాకుండా నడుపుకోండి. కొత్తగా అప్పుచేసి పాతది కొనకండి. కొత్తది కొంటే బేరం ఆడేటప్పుడే అడగండి, మన తాలూకాలో దీని కంప్యూటరును చదవగల మేస్త్రీ ఎవరు, ఇంజెక్టరు ధర ఎంత, మసి వడపోతకు వారంటీ ఎన్నేళ్ళు అని. నమ్మిన బంకులోనే డీజిలు పోయించండి, ఫిల్టరులోని నీటిని తరచు వదలండి. వరద మాట వినగానే బండిని మెరక మీదికి చేర్చండి. మన వ్యాను యజమానుల సంఘాలు బాడుగ రేట్ల కోసం ఎంత గట్టిగా అడుగుతాయో, ఆ తాళం కోసమూ అంత గట్టిగా అడగాలి. బండికి వాయిదాలు కట్టేది మనమైనప్పుడు దాని జబ్బేమిటో తెలుసుకొనే హక్కూ మనదే.

సెలవు.