ఆదుకునే సాహసానికి ఆలస్యంగా గుర్తింపు

ఉదయగిరి, ఆత్మకూరు: యుద్ధంలో శత్రువును దెబ్బతీసిన వారి పేర్లు త్వరగా మారుమోగుతాయి. గాయపడిన సైనికులను కాపాడినవారి పేర్లు వెలుగులోకి రావడానికి ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా హెలికాప్టర్‌ పైలట్‌ ఎడ్‌ ఫ్రీమన్‌ ఉదంతమే ఇందుకు నిదర్శనం. బిడ్డలను సైన్యానికి పంపిన కుటుంబాలున్న నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతానికి ఇది పరాయి కథ కాదు.

కాల్పుల మధ్య 14 సార్లు

1965 నవంబరు 14న ఇయా డ్రాంగ్‌ లోయలో దిగిన అమెరికా బెటాలియన్‌ను ఉత్తర వియత్నాం సేనలు ముట్టడించాయి. కాల్పుల తీవ్రతకు హెలికాప్టర్లు దిగే స్థలాన్ని పదాతిదళ కమాండర్‌ మూసివేయించాడు. క్షతగాత్రులను తరలించే వైద్య హెలికాప్టర్లు రావడానికి నిరాకరించాయి. ఆ సమయంలో కెప్టెన్‌ ఫ్రీమన్‌, మేజర్‌ బ్రూస్‌ క్రాండల్‌ ఆయుధాలు లేని హెలికాప్టర్లతో ముందుకు వచ్చారు. మందుగుండు, నీరు, మందులు దించి, తిరుగు ప్రయాణంలో క్షతగాత్రులను ఎక్కించుకున్నారు. రక్షణ వలయానికి 100 నుంచి 200 మీటర్ల దూరంలోని ఇరుకు స్థలంలో దిగుతూ ఫ్రీమన్‌ 14 సార్లు క్షతగాత్రుల కోసం వెళ్లాడు. తీవ్రంగా గాయపడిన సుమారు 30 మందిని తరలించాడు.

అత్యున్నత పురస్కారమైన మెడల్‌ ఆఫ్‌ ఆనర్‌కు చేసిన సిఫారసు గడువు దాటిపోవడంతో ఆయనకు తొలుత అంతకన్నా చిన్న పతకమే దక్కింది. 1995లో గడువు నిబంధన తొలగిన తరువాతే దారి సుగమమైంది. 2001 జులై 16న ఫ్రీమన్‌, 2007 ఫిబ్రవరిలో క్రాండల్‌ ఆ పురస్కారం అందుకున్నారు. ఫ్రీమన్‌ 2008 ఆగస్టు 20న కన్నుమూశాడు.

కార్గిల్‌లోనూ అదే స్ఫూర్తి

1999 మే 27న తెలుగు ఇంటిపేరు గల ఫ్లైట్‌ లెఫ్టినెంట్‌ కంభంపాటి నచికేత విమానం ఇంజను ఆగిపోవడంతో పారాచూట్‌తో దూకారు. ఆయన జాడ కోసం ప్రమాదకర గగనతలంలోనే తిరుగాడిన స్క్వాడ్రన్‌ లీడర్‌ అజయ్‌ అహూజా విమానాన్ని క్షిపణి తాకింది. అహూజా అమరుడయ్యారు. ఆయనకు మరణానంతరం వీరచక్ర లభించింది. పాకిస్థాన్‌కు బందీగా చిక్కిన నచికేత జూన్‌ 3న విడుదలయ్యారు. అదే యుద్ధంలో గుంజన్‌ సక్సేనా, శ్రీవిద్యా రాజన్‌ చీతా హెలికాప్టర్లు నడిపి క్షతగాత్రుల తరలింపులో పాల్గొన్నారు.

నమ్మకమే ఆయుధం

గాయపడితే తనకోసం ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకమే సైనికుని ముందుకు నడిపిస్తుంది. ఆ నమ్మకాన్ని నిలిపినవారిని సకాలంలో గౌరవించడం ప్రభుత్వాల బాధ్యత. అయితే పతకానికి సాహసం ఒక్కటే చాలదు, దానిని ధ్రువపరిచే నమోదు కూడా కావాలి. ఫ్రీమన్‌ విషయంలో సహచరులు పట్టు వీడకపోవడం వల్లనే ఆ నమోదు నిలిచింది.

ఉదయగిరి, ఆత్మకూరు పరిసర మండలాల మాజీ సైనికుల అనుభవాలకూ ఇదే వర్తిస్తుంది. సర్వీసు పత్రాలు, ఛాయాచిత్రాలు, సహచరుల వివరాలను కుటుంబాలు భద్రపరచుకోవాలి. సైనిక సంక్షేమ శాఖ, స్థానిక కళాశాలలు చొరవ తీసుకుని వృద్ధులైన మాజీ సైనికుల జ్ఞాపకాలను గ్రంథస్థం చేయాలి. సాక్షులు ఉన్నప్పుడే ఆ పని జరగాలి. వారు వెళ్లిపోయాక గడువు సడలించినా ప్రయోజనం ఉండదు.