యంత్రానికి మాట నేర్పే విద్య

మనిషికీ యంత్రానికీ నడుమ సంభాషణ ఎవరి భాషలో సాగాలి? మనిషే యంత్రభాషను నేర్వాలన్నది తొలినాటి పద్ధతి. యంత్రమే మనిషి మాటను గ్రహించాలని కృషి చేసిన పరిశోధక విద్యార్థులలో రాజ్‌రెడ్డి ముఖ్యులు. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆయన, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, కంప్యూటరు మాటను గుర్తించే విధానంపై పరిశోధించి 1966లో డాక్టరేటు పొందారు. ఆ పని సులభమైనది కాదు. సహజ సంభాషణలో పదాల నడుమ విరామం ఉండదు. ఒకే పదం ఒక్కొక్కరి నోట ఒక్కొక్క తీరుగా వినిపిస్తుంది. దశాబ్దాల కృషికి గుర్తింపుగా 1994లో ఆయన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు.

అయితే ఆ విద్యాఫలం అందరికీ సమానంగా అందలేదు. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని తండాలలో లంబాడీ భాష వినిపిస్తుంది. దానికి సొంత లిపి లేదు. అక్షరం రాని రైతుకు కీబోర్డు కన్నా మాటే దగ్గరి దారి. కానీ యంత్రం తనకు వినిపించిన భాషనే నేర్వగలదు. ఎవరూ నమోదు చేయని పలుకు దానికి అర్థం కాదు. ఇంగ్లీషుకు బదులు పలికి, తండా భాషకు మౌనం వహించే యంత్రం చదువు అసంపూర్ణమే. ఆ లోటును తీర్చవలసినవారు ఆ పల్లెల నుండి కళాశాలకు వచ్చే విద్యార్థులు. ఇంటి భాషను ఎరిగి ఉండడమే ఈ పరిశోధనకు తొలి అర్హత.