చక్రాలున్నంత మాత్రాన బండి కాదు

మా అన్నయ్య కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. డాలస్‌కు గంట దూరంలో కొంత భూమి కొన్నాడు. గడ్డి మోపులకూ కంచె స్తంభాలకూ నీళ్ల ట్యాంకుకూ పనికొస్తాయని, అమెరికా సైన్యం తీసేసిన సరుకు ట్రెయిలర్లు నాలుగు వేలంలో పాడుకున్నాడు. ఎం105 రకం. అవి ఉన్నది కాలిఫోర్నియా ఎడారిలోని బార్‌స్టోలో. అక్కడి నుంచి వాళ్ల పొలానికి 2,100 కిలోమీటర్ల పైమాటే. ఆ రోజుల్లో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. "చక్రాలున్నాయి కదా బాబాయ్, పికప్‌కు తగిలించుకుని ఒక్కొక్కటే లాక్కొచ్చేస్తాను" అన్నాడు.

"వద్దురా" అన్నాను. ఎందుకు వద్దన్నానో ఇక్కడ రాస్తున్నాను. మన దగ్గరా సైన్యం తీసేసిన బండ్లు వేలానికొస్తాయి, వాడిలా ఆలోచించేవాళ్లూ ఉంటారు.

ఎం105ను చేసిందే ఎం35 అనే రెండున్నర టన్నుల సైనిక లారీ వెనక తిరగడానికి. లారీకి ఏ టైరో దీనికీ అదే టైరు, 9.00-20. దీని నొగ చివర ఇనుప కడియం ఉంటుంది, లారీ వెనకున్న కొక్కేనికి అది పడుతుంది. దీపాలు 24 వోల్టులవి, కరెంటు 12 పిన్నుల ప్లగ్గు గుండా వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం బ్రేకు. లారీ నుంచి వచ్చే గాలి ఇక్కడ నూనెను నెట్టాలి, అప్పుడుగానీ చక్రం ఆగదు. పికప్‌కు కొక్కెం బిగించుకోవచ్చు, బల్బులు మార్చుకోవచ్చు. గాలి ఎక్కడి నుంచి తెస్తాం? ఖాళీ ట్రెయిలరే సుమారు 1,200 కిలోలు. వెనక అంత బరువు బ్రేకు లేకుండా వస్తుంటే, ఆపే పనంతా ముందున్న పికప్ మీదే పడుతుంది.

పైగా అది చదును రోడ్డు కాదు. బార్‌స్టోలో మొదలయ్యే ఐ-40 రహదారి నీడిల్స్ ఊరి దగ్గర కొలరాడో నదిని దాటుతుంది. అక్కడ సముద్రమట్టానికి దాదాపు 150 మీటర్ల ఎత్తు. ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి 2,100 మీటర్లు. ఎక్కిందంతా మళ్లీ దిగాలి. ఒక్కొక్కటే తేవాలంటే నాలుగుసార్లు పోయి రావాలి, అంటే 16,800 కిలోమీటర్లు. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగే బండి గంటకు 55 మైళ్లు దాటకూడదు. సైన్యం బండికి నంబరు ప్లేటు ఉండదు. ప్రభుత్వం ఇచ్చే ఎస్‌ఎఫ్-97 అనే కాగితం చేతికొచ్చాకే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కు వెళ్లాలి. అది రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా ట్రెయిలర్లున్న ఆవరణ ఖాళీ చేయమని గడువు తరుముతుంది.

టైర్ల సంగతి విడిగా చెప్పాలి. ఎడారి ఎండలో కదలకుండా నిలబడిన టైరు గాడులు లోతుగా, కొత్తదానిలా కనిపిస్తుంది. దాని వయసు గాడుల్లో ఉండదు, పక్కగోడ మీద ఉంటుంది. 2000 నుంచి అమెరికాలో అమ్మకానికి తయారైన టైరుకు డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. మూడంకెలే ఉంటే అంతకు ముందుది. మావాడు ఫోటోలు తెప్పించాడు. రెండు ట్రెయిలర్ల టైర్లకు మూడంకెలే ఉన్నాయి. అవి చూశాక లాక్కొచ్చే మాట వాడే మానేశాడు.

నా అభిప్రాయం ఇది. జత లారీ నుంచి విడిపోయి, బ్రేకు పనిచేయక, దీపం వెలగక, టైరు వయసు మళ్లిన ట్రెయిలర్ బండి కాదు, సరుకు. సరుకును మోసుకెళ్లాలి, లాక్కెళ్లకూడదు. వేలంలో పాట పెంచే ముందే మోత ఖర్చు కనుక్కోవాలి. మావాడి విషయంలో నాలుగు ట్రెయిలర్ల ధర కంటే కిరాయే ఎక్కువైంది. ముందే తెలిసి ఉంటే ఇంటికి దగ్గరున్న వేలం కోసం ఆగేవాణ్నని వాడే అన్నాడు.

కిరాయి తక్కువ చెప్పినవాణ్ని నమ్మి ఒకసారి దెబ్బతిన్నాం కూడా. ఒక మధ్యవర్తి అందరికంటే చౌకగా ఒప్పుకున్నాడు. ఆ ధరకు ఏ డ్రైవరూ రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఎనిమిది రోజులు గడిచాయి, ఆవరణవాళ్లు రోజు అద్దె మొదలుపెట్టారు. చివరికి సొంత లారీ ఉన్న ఒక పెద్దాయన వస్తానన్నాడు. కిరాయి ఎక్కువే అడిగాడు, కానీ ఫోన్‌లో మొట్టమొదట ట్రెయిలర్ పొడవు, వెడల్పు, ఎత్తు, ఇరుసు ఎక్కడుందీ అడిగాడు. ఆ ప్రశ్నలు విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

ఆయనది 48 అడుగుల చదును బల్ల లారీ, అంటే 14.6 మీటర్లు. ఒక్కో ట్రెయిలర్ నొగతో కలిపి 4.2 మీటర్లు. నాలుగు వరసగా పెడితే దాదాపు 17 మీటర్లు, పట్టవు. తొట్టి ఒక్కటే చూస్తే 2.8 మీటర్లు. అందుకని ఆయన ఒకదాని నొగను దాని ముందున్నదాని తోక కిందికి దూర్చాడు. మొత్తం 12.6 మీటర్లలో సర్దుకుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కించే పనే పడలేదు. బరువు నాలుగూ కలిపి 4,800 కిలోలు, అంత లారీకి అది లెక్కలోకే రాదు. ఇలాంటి సరుకులో తూకం కంటే చోటే ముఖ్యం.

కట్లు వేసే దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. తొట్టికి పట్టా బిగిస్తే కింద కమాను పట్టీలు నొక్కుకుంటాయి. గతుకులో అవి అణిగి లేచినప్పుడల్లా పట్టా వదులవుతుంది. అందుకే పట్టాలను ఇరుసుకే వేసి, ముందుకూ వెనక్కూ లాగి కట్టాడు. అమెరికా నిబంధన ప్రకారం కట్లన్నిటి సామర్థ్యం కలిపి సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తన్నుతుందని, పక్కలకూ వెనక్కూ 50 శాతమని లెక్క కట్టి ఆ నియమాలు రాశారు. బయల్దేరాక మొదటి 50 మైళ్లలోపు ఆగి కట్లు చూడాలి. తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందైతే అప్పుడు మళ్లీ చూడాలి.

ఈ చివరి నియమం మన రోడ్ల మీదికి రావాలని మనసారా కోరుకుంటున్నాను. మన దగ్గర మోతలో అజాగ్రత్త ఒక్క కట్లతో ఆగదు. చెరకుతో, వరిగడ్డితో నిండిన ట్రాక్టర్ ట్రక్కు వెనక ఎర్ర దీపం లేకుండా రాత్రిపూట పోతుంటే, దాన్ని గుద్దుకుని చచ్చిపోయినవాళ్లు నాకు తెలిసిన ఊళ్లలోనే ఉన్నారు. లారీ వెనక పొడుచుకొచ్చే ఇనుప కడ్డీలను 2014లో నిషేధించారు, అయినా ఇప్పటికీ కనబడతాయి. కట్ల సంగతీ అంతే. తాడు వేసిన చోట కట్టిన ముడి ఊరు చేరేదాకా ఉంటుందనుకోవడం మనకు అలవాటైపోయింది. తాడు సాగుతుంది, గడ్డి కుంగుతుంది, ముడి అక్కడే ఉన్నా బిగువు ఉండదు.

నాలుగో రోజు పొద్దున్నే లారీ పొలం గేటు దగ్గరికొచ్చింది. పెద్దాయన దిగగానే మాకు చెయ్యివ్వకుండా ముందు ప్రతి పట్టా మీదా అరచెయ్యి వేసి నొక్కి చూశాడు. "దారిలో ఎన్నిసార్లు బిగించారు?" అని మావాడు అడిగితే, ఫ్లాగ్‌స్టాఫ్‌కు ముందు రెండుసార్లు, ఆ తర్వాత ఒక్కసారి అన్నాడు. పక్కింటాయన ట్రాక్టరు ముందు ఫోర్కులు బిగించుకొచ్చి నాలుగూ దించాడు.

దించగానే మావాడు పాత టైర్లు విప్పబోయాడు. ఆపాను. వాటి రిమ్ముకు విడిగా ఒక ఇనుప రింగు ఉంటుంది. మన హైవే పక్క పంక్చర్ షాపుల్లో వయసు మీదపడ్డ పనివాళ్లందరికీ దాని సంగతి తెలుసు. గాలి కొట్టేటప్పుడు ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే తుపాకీ గుండులా ఎగురుతుంది, మనిషిని చంపుతుంది. ఉక్కు పంజరంలో పెట్టి గాలి కొట్టే లారీ టైర్ల షాపు డెంటన్‌లో ఒకటి దొరికింది. మొదట రెండు ట్రెయిలర్ల చక్రాలు అక్కడికి పంపాం. మిగిలిన రెండూ ఇప్పటికీ చెక్క దిమ్మెల మీదే ఉన్నాయి.