ముసురు పట్టిన రోజు కమ్యూనిటీ హాల్ తెరవండి

సెంటినరీ కాలనీ కార్మిక కుటుంబాలకు, రామగుండం-3 బొగ్గు గనుల ఏరియా యాజమాన్యానికి, అన్ని కార్మిక సంఘాలకు విజ్ఞప్తి

2022 జులై ముసురు మనకు గుర్తే. గోదావరి పొంగి మంథని వీధుల్లోకి నీళ్లొచ్చాయి. ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు ఆగిపోయాయి. 11 నుంచి 16 దాకా రాష్ట్రమంతా బడులు మూశారు. ఆ తర్వాత కూడా వానాకాలంలో బడులకు ఇట్లాంటి సెలవులు వస్తూనే ఉన్నాయి.

భూగర్భ గనికి మాత్రం వాన సెలవు లేదు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇల్లు చేరిన మనిషి పగలు పండుకోవాలి. చిన్న క్వార్టర్, బయట ఎడతెగని వాన, లోపల ఇద్దరు పిల్లలు. ‘సప్పుడు చెయ్యకుండ్రి, బాపు పండుకున్నడు’ అంటూ తల్లి వాళ్ల చేతికి ఫోన్ ఇస్తుంది. ఇంకేం చేస్తుంది పాపం! రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు తెర ముందు రోజుకు గంటకు మించి కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మన ఇళ్లల్లో ముసురు రోజున ఆ గంట పొద్దున చాయ్ తాగేలోపే అయిపోతుంది.

అదే ఇంట్లో ఓ మూలకు తాత కూర్చుని ఉంటాడు. మోకాళ్ల నొప్పులతో, జారుడు రోడ్డు మీదికి పోలేక, కొడుకు నిద్ర చెడుతుందని గట్టిగా దగ్గడానికి కూడా జంకుతుంటాడు. నానమ్మదీ అదే తీరు. మనుమలతో ఆడుకోవాలని ఇద్దరికీ ఉంది, కానీ ఆటంటే సప్పుడే కదా.

అందుకే మేం అడుగుతున్నది ఒక్కటే. వానకు బడులు మూసిన ప్రతి రోజూ పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా మన కమ్యూనిటీ హాల్‌ను పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇవ్వాలి.

పెళ్లిళ్లకు ఇబ్బంది అంటారేమో. ఆషాఢంలో ముహూర్తాలే ఉండవు. శ్రావణంలో హాల్ బుక్ అయిన రోజు మరో గది చూపిస్తే చాలు.

ఖర్చు ఎంతని? చాపలు, కింద కూర్చోలేని వాళ్లకు కుర్చీలు, రెండు క్యారమ్ బోర్డులు, చాక్‌పీసులు, గవ్వలు, చింతపిక్కలు. కరెంటు పోతే వెలిగే లైట్లు. మక్క కంకులు ఉడికించే గిన్నె మా ఆడవాళ్లు తెస్తారు.

లోపల ఏం చేస్తారని అడిగేవాళ్లు ఒక్కసారి తాతల చేతికి చాక్‌పీసు ఇచ్చి చూడండి. మూడు పులులు, పదిహేను మేకల ఆట పటం నేల మీద క్షణంలో గీస్తారు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా అని నానమ్మలు నేర్పుతుంటే ఒకటో తరగతి పిల్లకు లెక్కలు వాటంతటవే వస్తాయి. మన కాలనీకి ఎన్నో జిల్లాల నుంచి మనుషులొచ్చారు కాబట్టి ఒకే ఆటకు నలుగురు తాతలు నాలుగు రూల్స్ చెబుతారు. ఆ కొట్లాట పిల్లలు వినాల్సిందే. భాద్రపదం వస్తే ఆడపిల్లలకు బొడ్డెమ్మ పాటలు నేర్పే చోటు కూడా ఇదే అవుతుంది.

అన్నిటికంటే మేం ఎక్కువగా కోరుకునేది గని ఆట. క్యారమ్ కాయిన్లను దొంతులుగా పేర్చి పిల్లర్లు అనుకోవాలి. పైన అట్టముక్క పెట్టి, దాని మీద నాలుగు గులకరాళ్లు ఉంచి గని పైకప్పు బండ అనుకోవాలి. ఒక్కో పిల్లర్ తీస్తూ పోతే బండ ఎప్పుడు కూలుతుందో మనుమడు తన చేతులతోనే తెలుసుకుంటాడు. బండకు ఆసరాగా దిమ్మ ఎక్కడ పెట్టాలో, కూలేముందు బండ ఎట్లా సప్పుడు చేస్తుందో తాత చెబుతాడు. నాన్న పనిచేసే అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో షియరర్ యంత్రం బొగ్గు కోస్తుంటే పైకప్పును హైడ్రాలిక్ సపోర్టులు మోస్తాయి. తాత చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన రోజుల నుంచి అక్కడి దాకా పని ఎట్లా మారిందో ఈ కాలనీ పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకానికి నూరేళ్లు నిండిన గుర్తుగా పేరు పెట్టుకున్న కాలనీ మనది. ఆ చరిత్రను చేతుల్లో మోసినవాళ్లు మన మధ్యనే ఉన్నారు.

లద్నాపూర్ లాంటి ఊళ్ల నుంచి ఓపెన్‌కాస్టు గని కోసం ఊరు ఖాళీ చేసి వచ్చిన పెద్దవాళ్లు కూడా మనలో ఉన్నారు. బావి ఎక్కడుండేది, పోచమ్మ గుడి ఎక్కడ, ఎవరి ఇంటి పక్కన ఎవరిల్లు అని వాళ్లు చెబుతుంటే పిల్లలు పెద్ద కాగితం మీద ఊరి పటం గీయాలి. ఈ పని ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లు మిగలరు.

ఒక షరతు మాత్రం గట్టిగా పెడుతున్నాం. హాల్ గుమ్మం దగ్గర కంపెనీ కార్డు అడగొద్దు. కిరాయి గదుల్లో ఉండే కాంట్రాక్టు కార్మికుల పిల్లలు మనకంటే ఇరుకులో ఉన్నారు, వాళ్లూ రావాలి. తాత ఊళ్లోనే ఉండిపోయిన పిల్లవాడు పక్కింటి తాత దగ్గర కూర్చుంటాడు. మనుమలు హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్న నానమ్మ ఈ పిల్లలకు కథ చెబుతుంది.

యూనియన్ నాయకులు ఈ మాటను ఏరియా జీఎం గారి ముందు పెట్టాలి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, వాన సెలవు ప్రకటించిన పొద్దున ఎవరు తలుపు తీస్తారో రాతపూర్వకంగా తేల్చాలి. పెద్దవాళ్లారా, మీకు వచ్చిన ఆట, పాట, కథ, పని ఏదో మీ వీధిలో కరపత్రం పంచుతున్నవాళ్లకు చెప్పి పేరు రాయించండి. హాల్ దాకా నడవలేని వాళ్లుంటే అదీ చెప్పండి, గొడుగు పట్టుకుని తీసుకొచ్చే బాధ్యత మాది.

కాలనీలోని కొందరు తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు