మల్లన లెక్కకు మన డప్పు అక్కర్లేదు

మా హాస్టల్ రూములో ముగ్గురం. ఒకడిది జనగామ, ఒకడిది భూపాలపల్లి, నాది మానుకోట. మొన్న భూపాలపల్లోడు స్టేటస్ పెట్టాడు: "64 బిట్ కంప్యూటర్ సంగతి మన తెలుగోళ్లకు వెయ్యేళ్ల కిందటే తెలుసు!" కింద 18446744073709551615 అనే సంఖ్య. లైకులే లైకులు. నాకు ఒళ్లు మండింది.

సంఖ్య తప్పేం కాదు. చదరంగం మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, తర్వాత 4, ఇలా 64 గళ్లకూ రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం అదే. వెయ్యి వడ్ల గింజలు 20 గ్రాములు అనుకున్నా, ఇప్పుడు ప్రపంచమంతా పండించే వడ్లు నాలుగు వందల ఏళ్లు పోగేసినా సరిపోవు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన (11వ శతాబ్దం అంటారు) పేరు మీదున్న ఒక పద్యంలో ఈ సంఖ్య మొత్తం ఉంది. అంకెల బదులు మాటలు వాడాడు: బాణం అంటే 5, చంద్రుడు 1, ఏనుగు 8, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి చదవాలి. అచ్చం మన లిటిల్ ఎండియన్!

అంతమాత్రాన మల్లనకు కంప్యూటర్ తెలుసని కాదు. అక్కడ 64 గళ్లు, ఇక్కడ 64 బిట్లు, రెండు చోట్లా రెట్టింపే. అందుకే మొత్తం ఒకటే వచ్చింది. నన్ను అడిగితే గొప్పంతా వేరే చోట ఉంది. యంత్రం లేకుండా 20 అంకెలు, ఒక్కటీ తప్పలేదు, పైగా ఛందస్సులో. నేను మొదటిసారి ఇదే లెక్కకు ప్రోగ్రాం రాసి, మామూలు ఇంట్ వాడితే -1 వచ్చింది. అంటే రాజే మనకు ఇవ్వాల్సింది పోయి, మనమే ఒక గింజ బాకీ!

సంఖ్యను విప్పి చూస్తే ఇంకా బాగుంటుంది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఇందులో 641 ఊరికే దొరకలేదు. 4294967297 ప్రధాన సంఖ్యే అని ఫెర్మా నమ్మాడు. అది 641తో తెగుతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. ఆ 4294967297 మన గింజల లెక్కకు కారణాంకమే. స్టేటస్ పెట్టినోళ్లు ఒక్కరైనా దాన్ని భాగించి చూశారా?

నేనూ తక్కువోణ్ణేం కాదు. ఇంటికెళ్లి చెప్తే నానమ్మ, "గదంతా తెలుగుల ఎంతరా?" అంది. ఇంగ్లిష్ మీడియం నోరు, క్వింటిలియన్ దగ్గరే ఆగిపోయింది. కాగితం తీసుకుని పది నిమిషాలు కుస్తీ పడి చెప్పాను: లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను.

ఇప్పుడు జనగామోడు ఆ పద్యం బట్టీ పడుతున్నాడు. అంకెలన్నీ కూడితే 87 రావాలని తనిఖీ కూడా నేర్పాను. ప్రతిసారీ ఒక ఆకాశం మింగేస్తాడు, కూడి చూసి 87 వచ్చింది కదా అని వాదిస్తాడు.