రేయి రెండవ జాము పాట : మా మనవి

కలికిరిలో రాత్రి పది దాటిన పిమ్మట వినబడు శబ్దములు కొన్నియే. మదనపల్లె మండీకి టమోటాలు మోయు లారీలు, పాకాల ధర్మవరము దారిలో పోవు రైలు కూత, ఏ పల్లెలోనైనా భారతము తిరునాళ్ళు జరుగుచున్నచో తెల్లవార్లూ సాగు వీధినాటకపు మద్దెల. ఇటీవల మన విద్యార్థుల గదులలో వీనికి మరియొక శబ్దము తోడైనది. చెవులకు తగిలించుకొన్న తీగల గుండా అది వినువాని కొక్కనికే వినబడును. తొందర లేని డ్రమ్ము దరువు, మెత్తని పియానో, పాత గ్రామఫోను రికార్డుపై ముల్లు గీచిన చిటపట, ఆ పైన పాడుటకు మాటాడుటకు నడుమ ఎచ్చటనో నిలిచిన ఒక గొంతు. జాజ్ సంగీతపు నీడలో పెరిగిన హిప్ హాప్ ఇది. దీని నుండి పుట్టి, మాటలను కూడ విడిచిన ఒక శాఖను నేటి యువకులు 'లోఫై' అనుచున్నారు.

మొన్నటి వార్షికోత్సవమునకు ముందు మాలో ఒకడు ఇట్టి దరువుపై తాను వ్రాసిన దక్కనీ పంక్తులను పది నిమిషములు చదువుటకు అనుమతి కోరినాడు. అనుమతి లభింపలేదు. 'ఇది పాట కాదు, ప్రలాపము. అదియును పరాయిది' అని సమాధానము వచ్చినది. పెద్దల మాటపై మాకు గౌరవము కలదు. అయినను ఆ రెండు ఆక్షేపణలను ఒకసారి నిదానముగా పరిశీలింపవలెనని మా కోరిక.

పరాయిదనుట నిజమే. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతములో సిండీ కాంబెల్ అను బాలిక, బడి తెరచునాటికి కొత్త బట్టలు కొనుక్కొనుటకై, తమ భవనములోని హాలులో రుసుము పెట్టి ఒక విందు నడిపినది. రికార్డులు వేసినవాడు ఆమె అన్న క్లైవ్. జమైకా నుండి వలస వచ్చిన కుటుంబమువాడు, కూల్ హెర్క్ అని ప్రసిద్ధుడు. పాటలో గాయకుడు ఆగి డ్రమ్ము మాత్రమే మ్రోగు కొద్ది క్షణములకే జనము ఎక్కువగా ఆడుచున్నారని అతడు గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, ఆ ముక్కనే మరల మరల త్రిప్పినాడు. వాద్యములు కొనుటకు, సంగీతము నేర్చుటకు డబ్బు లేని పిల్లలు తండ్రుల పాత రికార్డులనే వాద్యములుగా చేసికొన్న విధమిది.

తండ్రుల పెట్టెలలో ఉన్నది జాజ్ కనుక పిల్లల పాటలోనికి జాజ్ వచ్చి చేరినది. 1991లో 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' బృందము తమ రెండవ సంపుటములోని ఒక పాటకు రాన్ కార్టర్‌ను బాసు వాయింప పిలిచినది. ఆయన అంతకు పాతికేండ్ల క్రిందట మైల్స్ డేవిస్ బృందములో వాయించిన విద్వాంసుడు. 1992లో పీట్ రాక్, సి.ఎల్. స్మూత్ అను ఇద్దరు, 1990లో మరణించిన తమ మిత్రుడు ట్రాయ్ డిక్సన్ స్మృతికై ఒక పాట చేసిరి. టామ్ స్కాట్ అను జాజ్ వాద్యకారుడు పూర్వము వాయించిన శాక్సఫోను ముక్క ఒకటి దానిలో మాటిమాటికి తిరిగి వచ్చును. పోయినవారిని తలచుకొని నలుగురు వినుచుండగా చదువు పద్యమును మనము మర్సియా అందుము. ఆంగ్లము అరకొరగా తెలిసిన మాకును ఆ పాటలో దుఃఖమేదో, గర్వమేదో తెలిసినది.

ఈ రాత్రి సంగీతమునకు నేటి రూపము నిచ్చినవారిలో ఇరువురిని తప్పక చెప్పవలెను. అమెరికాలో డెట్రాయిటుకు చెందిన జె డిల్లా, జపానుకు చెందిన నుజాబెస్. ఇరువురును 1974 ఫిబ్రవరి 7వ తేదీననే జన్మించిరి. డిల్లా యంత్రముపై వ్రేళ్ళతో వేసిన దరువును తరచు యంత్రముచే సరిదిద్దించెడివాడు కాడు. అందుచే అతని దరువు మనిషి నడకవలె ఒక వెంట్రుకవాసి వెనుకబడి పడును. తన ముప్పది రెండవ జన్మదినమున సంపుటము విడుదలైన మూడు దినములకు, 2006లో, అతడు మరణించినాడు. నుజాబెస్ 2010లో టోక్యోలో రోడ్డు ప్రమాదమున పోయినాడు. జున్ సెబా అను తన పేరును త్రిప్పి వ్రాసికొన్న వినయశీలి. ఇట్టివాని పాటలో మదిర వాసన వచ్చుచున్నదని మొన్న ఒక పెద్దమనిషి సెలవిచ్చిరి. విని చెప్పిరో, వినక చెప్పిరో!

ఇక ప్రలాపమను ఆక్షేపణ. ఉర్దూ చదువుకొన్న ఇండ్లలో ఈ మాట పుట్టుట మాకు మిక్కిలి వింతగా నున్నది. ముషాయిరాలో కవి తన గజలును తరన్నుమ్‌లో పాడవచ్చును; తహ్త్‌లో, అనగా పాడక, మాట బరువును బట్టి, ఊపిరిని బట్టి చదువవచ్చును. తహ్త్‌లో చదివినవానిని పాటరానివాడని ఎవరును లేపి పంపరు. సులేమాన్ ఖతీబ్ వంటి దక్కనీ కవి ఇంటి భాషలో ఇంటి మాటలనే ముషాయిరా వేదికపైకి తెచ్చినప్పుడు సభలు నవ్వినవి, కంటతడి పెట్టినవి. దరువుపై మాట చెప్పుట తెలుగువారికిని క్రొత్త గాదు. బుర్రకథలో కథకుడు వచనమును తంబూర వరుసపై పరుగెత్తించునపుడు ప్రక్కనున్న వంతలు ఏమి చేయుచున్నారు?

అంతకంటె దగ్గరి చుట్టరికము తిరగలి దగ్గర కలదు. బీజాపూరు సూఫీల సంప్రదాయములో దక్కనీ స్త్రీలు పిండి విసరుచు పాడుకొనుటకై పుట్టిన 'చక్కీనామా'లు ఉన్నవి. తిరగలి పిడిని అలిఫ్ అక్షరముతో పోల్చి, పనిలోనే దైవస్మరణ నేర్పిన పదములవి. రాయి ఒక చుట్టు తిరుగును, పంక్తి ఒకటి పడును. మరల రాయి తిరుగును. హెర్క్ రికార్డును త్రిప్పినది దీనికి భిన్నమైన పని యని మాకు తోచదు. తెల్లవారుజామున చీకటిలో, నిద్ర తీరని గొంతుతో, తనకు తాను వినిపించుకొన్న పాట అది. తెలుగు ఇండ్లలో తిరగటి పాటలును అట్టివే. ఊరిలోనికి పిండిమర వచ్చినది, తిరగలి మూలబడినది, దానితో పాటయు మూలబడినది.

మా మనవి యొక్క అసలు భాగము ఇచ్చట ఉన్నది. మేము పెద్దలను మాత్రమే తప్పుపట్టుట లేదు. మా గదులలో రాత్రంతయు మ్రోగుచున్న దానిలో చాల భాగము ఎవరి పేరును లేని సరకు. ఏ విద్వాంసుని పియానో, ఏ గాయని గొంతు అందులో ఉన్నదో అడుగు అలవాటు మాకు లేదు. నేడు యంత్రములే గంటల కొలది అల్లి పోయుచుండగా అడుగుటకును మనిషి లేడు. పేరు పోవుట చిన్న నష్టము కాదు. 1981 నాటి 'జ్యోతి' చిత్రములో బప్పీ లాహిరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన పాటను 2002లో ఒక అమెరికా గాయని రికార్డులో అనుమతి లేక వాడుకొనిరి. లాహిరి పేరు చేర్చనిదే దానిని అమ్మరాదని 2003లో లాస్ ఏంజిలిస్ న్యాయస్థానము ఆదేశించినది. లాహిరికి వెనుక కంపెనీ కలదు, వకీలు కలడు. పిండి విసరిన అవ్వకు ఎవరున్నారు?

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో కొన్ని దినములుండి 'జనగణమన' పాడగా, అచ్చటి ప్రిన్సిపాలు గారి భార్య మార్గరెట్ కజిన్స్, ఐర్లండు దేశస్థురాలు, విని స్వరములు వ్రాసి పెట్టినది. కలికిరికి కూతవేటు దూరములో జరిగిన సంగతి గనుక మన సభలలో దీనిని ప్రతి ఏడు ఎవరో ఒకరు జ్ఞాపకము చేయుదురు. విన్నదానిని వ్రాసి పెట్టు పని ఒక కళాశాలకు తగినదే యని దాని వలన తెలియుచున్నది గదా. ఆమె వ్రాసినది ఉదయ గీతము. రాత్రి గీతములు వ్రాయువారు లేక మిగిలియున్నవి.

కావున కార్యవర్గము వారిని మేము కోరునది పెద్ద ఖర్చు కాదు. మంచి శబ్దగ్రాహక యంత్రము ఒకటి, గ్రంథాలయములో ఒక బీరువా, ఒక రిజిస్టరు. వేసవి సెలవులలో ఉర్దూ విద్యార్థి ఒకడు, తెలుగు విద్యార్థి ఒకడు జతగా కలికిరి, పుంగనూరు, కుప్పము ప్రాంతముల ఇండ్లకు పోయి చక్కీ పాటలు, లాలి పాటలు, పెండ్లి పాటలు, పీర్ల పండుగనాటి పదములు పట్టి తేవలెను. పాడినవారి పేరు, ఊరు, నేర్పినవారి పేరు రిజిస్టరులో ఉండవలెను. ఆ తరువాత వారి సమ్మతితో మా తోటివాడు ఆ పాటనే దరువు చేసికొని తన దక్కనీ పంక్తులు వ్రాయనిండు. అప్పుడు పది నిమిషములు ఇచ్చెదరో లేదో పెద్దల ఇష్టము.

ఆరంభముగా మాలో ఒకని నానీ గారి యింటికి క్రిందటి నెల ఇషా నమాజు పిమ్మట పోయితిమి. మొదట సిగ్గుపడి, పాట తనకు మరపుకు వచ్చినదన్నారు. పిదప అలవాటు చొప్పున కుడిచేయి నేలపై గుండ్రముగా త్రిప్పసాగిరి. చేయి తిరిగిన కొలది పంక్తులు వచ్చినవి. చేయి ఆపగా పాటయు ఆగిపోయినది. ఫోనులో పట్టినది వినిపింపగా, అది తన గొంతు కాదు, తన తల్లి గొంతన్నారు. మేము పేరు వ్రాసికొనుచుండగా తల్లి పేరునే ముందు వ్రాయుమని చెప్పి, మరల వినిపింపుమన్నారు.